నాస్టర్షియం: ఇంటితోటలో విత్తనం నుంచి పూత దాకా

నాస్టర్షియం దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల సీమ నుంచి బయలుదేరి నాలుగైదు శతాబ్దాల్లో ప్రపంచమంతటి పెరళ్లకూ చేరిన పూలమొక్క. శాస్త్రీయ నామం ట్రోపియోలం మేజస్. కాడ అంచున కాకుండా నడుమ అతుక్కుని ఉండే గుండ్రటి ఆకులు, పసుపు, నారింజ, కుంకుమ రంగు పూలు, పువ్వు వెనక తేనె నిలిచే సన్నటి తోక దీని ఆనవాళ్లు. ఆకు, పువ్వు, పచ్చికాయ మూడూ తినదగినవే. మూడింటిలోనూ ఆవఘాటు ఉంటుంది. పొదగా ఉండిపోయే రకాలు అడుగు ఎత్తు మించవు. పాకే రకాలు ఆసరా దొరికితే ఆరేడు అడుగులు పైకి ఎక్కుతాయి, లేకపోతే నేలమీదే పరుచుకుంటాయి. తెలుగు మైదానాల్లో ఇది చలికాలపు మొక్క. అక్టోబరు రెండో పక్షంలో విత్తితే సంక్రాంతి నాటికి నిండు పూతలో ఉంటుంది, ఎండలు ముదిరేసరికి దాని కాలం తీరుతుంది.

పూలమొక్కను గింజ నుంచి పెంచడం కొత్తగా నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి మొదలు మరొకటి లేదు. పిటూనియా, స్నాప్‌డ్రాగన్ వంటి వాటి గింజలు దుమ్ములా ఉండి గాలికే ఎగిరిపోతాయి. నాస్టర్షియం గింజ శనగగింజంత ఉండి వేళ్లకు అందుతుంది. పసిపిల్లలు కూడా ఒక్కొక్కటిగా విత్తగలరు. నారుపోసి నాటే శ్రమ లేదు. అయినా మన మిద్దెతోటల్లో ఇది నిరాశ మిగిల్చిన సందర్భాలు తక్కువేమీ కాదు. విచారిస్తే ఎక్కువగా రెండు కారణాలే బయటపడతాయి: కాలం తప్పి విత్తడం, అవసరానికి మించి ఎరువు పెట్టడం. ఈ రెండూ సరిచేసుకుంటే మిగతా పని మొక్కే చూసుకుంటుంది.

పేరు, బంధుత్వం

వృక్షశాస్త్రంలో నాస్టర్షియం అనే ప్రజాతి పేరు వేరే మొక్కది. పారే నీటిలో పెరిగే వాటర్‌క్రెస్ అనే ఆకుకూరను ఆ పేరుతో వర్గీకరించారు. ఘాటు ఒకేలా ఉండటంతో ఐరోపా తోటమాలులు కొత్తగా వచ్చిన పూలమొక్కకూ అదే పేరు పెట్టుకున్నారు. విత్తనాలు కొనేవారు పొట్లం మీద ట్రోపియోలం అని ఉందో లేదో చూసుకోవడం అందుకే మంచిది. దీని పాత ఇంగ్లిషు పేరు ఇండియన్ క్రెస్. అందులోని ఇండియా మన దేశం కాదు, స్పెయిన్‌వారు ఇండీస్ అని పిలిచిన అమెరికా ఖండం. తెలుగులో దీనికి స్థిరపడిన పేరు లేదు. నర్సరీల్లో నాస్టర్షియం అనే అడుగుతారు, అనే అమ్ముతారు.

పేరు పరాయిదైనా బంధువర్గం మాత్రం మన వంటింట్లోనే ఉంది. ట్రోపియోలేసి అనే ఈ చిన్న కుటుంబం బ్రాసికేలిస్ అనే పెద్ద క్రమంలోకి వస్తుంది. ఆవ, ముల్లంగి, క్యాబేజీ, మునగ, బొప్పాయి, వామింట అన్నీ ఆ క్రమంలోవే. ఈ మొక్కలన్నిటికీ ఉమ్మడిగా ఒక రక్షణ ఏర్పాటు ఉంది. కణాల్లో గంధకం ఉన్న గ్లూకోసినోలేట్లు ఒకచోట, వాటిని విడగొట్టే మైరోసినేజ్ అనే ఎంజైము మరోచోట విడివిడిగా ఉంటాయి. పురుగు కొరికినా మనిషి నమిలినా రెండూ కలిసిపోయి ఘాటైన పదార్థం పుడుతుంది. నాస్టర్షియంలో అలా పుట్టేది బెంజైల్ ఐసోథయోసయనేట్. బొప్పాయి గింజను పళ్ల మధ్య కొరికితే నాలుకను చురుక్కుమనిపించేదీ అదే. నాస్టర్షియం ఎలా ఉంటుందో ఎన్నడూ రుచి చూడనివారు ఒక పచ్చి బొప్పాయి గింజ నమిలి చూస్తే సగం తెలిసిపోతుంది.

ప్రయాణం

ట్రోపియోలం ప్రజాతిలో సుమారు 90 జాతులున్నాయి. అన్నీ మధ్య, దక్షిణ అమెరికాలవే. వాటిలో మాషువా అనే జాతిని ఆండీస్ రైతులు ఈనాటికీ దుంపల కోసం పండిస్తారు. ఐరోపాకు ముందుగా చేరింది చిన్న పూల ట్రోపియోలం మైనస్. పెరూ నుంచి వచ్చిన గింజలతో మొలిచిన ఈ మొక్కను సెవిల్ నగర వైద్యుడు నికొలాస్ మొనార్దెస్ 16వ శతాబ్దంలోనే వర్ణించాడు. ఇంగ్లండులో జాన్ జెరార్డ్ 1597లో వెలువరించిన మూలికల గ్రంథంలో దీనికి చోటిచ్చాడు. ఇప్పుడు మనం పెంచే పెద్ద పూల మేజస్ ఆ తరవాత దాదాపు నూరేళ్లకు, 17వ శతాబ్దం చివర, హాలండు మీదుగా ఐరోపాలో అడుగుపెట్టింది. ఇది రెండు అడవి జాతుల సంకరం కావచ్చని వృక్షశాస్త్రజ్ఞుల ఊహ. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో ట్రోపియోలం అనే ప్రజాతి నామాన్ని స్థిరపరిచాడు.

ఆ లిన్నేయస్ ఇంట్లోనే ఈ పువ్వు మరో చర్చకు కారణమైంది. ఆయన కుమార్తె ఎలిజబెత్ క్రిస్టీనా ఒక వేసవి సందె చీకట్లో తోటలోని నాస్టర్షియం పూలు ఉన్నట్టుండి తళుక్కుమనడం గమనించింది. అప్పటికి ఆమెకు 19 ఏళ్లు. ఆమె పరిశీలన 1762లో స్వీడన్ రాజ విజ్ఞాన అకాడమీ పత్రికలో అచ్చయింది. పువ్వు విద్యుత్తు చిమ్ముతోందని కొందరు, భాస్వరం లాంటి వెలుగని కొందరు శతాబ్దంన్నర పాటు వాదించుకున్నారు. 1914లో జర్మన్ శాస్త్రజ్ఞుడు థామస్ ఆ తళుకు పువ్వులోది కాదని, చూసే కంటిదని నిర్ధారించాడు. మసక వెలుతురులో కంటికి ఎరుపు త్వరగా నల్లబడుతుంది, ఆకుపచ్చ కాసేపు తేటగా నిలుస్తుంది. ఆ సమయంలో చూపు కొద్దిగా కదిలితే ఆకుల మధ్య నారింజ పువ్వు మెరిసినట్టు తోస్తుంది. ఎర్ర పూల రకాలు పెంచేవారు దీపాలు పెట్టే వేళకు కుండీని ఓరచూపుతో చూసి తామే పరీక్షించుకోవచ్చు. ఆడపిల్లలకు విశ్వవిద్యాలయం తలుపులు తెరవని కాలంలో, ఇంటితోటలో నిలబడి ఒక యువతి చేసిన ఈ పరిశీలనను శాస్త్రచరిత్ర ఇంకా గౌరవంగా గుర్తుంచుకోవాల్సి ఉంది.

తోటల చరిత్రలో నాస్టర్షియంకు పేరు తెచ్చిన చోట్లు రెండు. ఫ్రాన్సులోని జివెర్నీ గ్రామంలో చిత్రకారుడు క్లోద్ మోనె 1883 నుంచి 1926లో చనిపోయేదాకా నివసించాడు. ఆయన ఇంటి ముందరి పెద్ద బాటకు రెండువైపులా విత్తిన నాస్టర్షియం తీగలు వేసవి చివరికి కంకరనంతా కప్పేసి, నడుమ మనిషి నడిచేపాటి దారే మిగులుస్తాయి. ఇప్పటికీ అక్కడ ఏటా అలాగే విత్తుతున్నారు. రెండోది అమెరికాలోని బోస్టన్ నగరంలో ఉన్న ఇసబెల్లా స్టూవర్ట్ గార్డ్నర్ మ్యూజియం. అక్కడ వసంతంలో కొద్ది వారాలపాటు లోపలి ప్రాంగణపు పైఅంతస్తు నుంచి 20 అడుగుల నాస్టర్షియం తీగలను వేలాడదీస్తారు. ఆ తీగలను ముందటి ఏడాది వేసవిలోనే గింజ వేసి, చలికాలమంతా చల్లటి గాజింట్లో పెంచుతారు. చల్లదనం, తగిన వ్యవధి దొరికితే ఈ మొక్క ఎంత దూరం పోగలదో ఆ తీగలు చూపిస్తాయి. మన మైదానాల్లో దానికి దొరికే చల్లటి రోజులు నాలుగు నెలలు మించవు కాబట్టి అంత పొడవు ఆశించకూడదు.

ఆకు, పువ్వు

నాస్టర్షియం ఆకు మీద నీటిబొట్టు నిలవదు. తామరాకు మీదలాగే గుండ్రంగా దొర్లి జారిపోతుంది. ఆకు ఉపరితలాన్ని కప్పిన సూక్ష్మమైన మైనపు నాళికలే ఇందుకు కారణం. నడుమ నుంచి అంచులకు చీలిపోయే నరాలు కాస్త ఉబ్బెత్తుగా ఉండటం మరో విశేషం. పైనుంచి పడ్డ చినుకు ఆ నరం మీద చీలి, నున్నటి తలం మీదకంటే త్వరగా ఎగిరిపోతుందని అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు 2013లో నేచర్ పత్రికలో చూపించారు. విమానాల రెక్కలపై మంచు పేరుకోకుండా చూడటం వంటి అవసరాలకు ఈ కొలతలు పనికొస్తాయి. తోటమాలికి పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది: నీరు నిలవని ఆకు మీద మందు నీళ్లూ నిలవవు. పురుగు కోసం ఏది పిచికారీ చేసినా అందులో సబ్బు కలపకపోతే మొత్తం జారి మట్టిలో పడుతుంది.

తెల్లవారుజామున చూస్తే ఆకు అంచున వరసగా నీటిచుక్కలు కనిపిస్తాయి. అవి పైనుంచి కురిసిన మంచు అనుకుంటారుగాని, వేరు తాగిన నీటిలో మిగులును నరాల కొసల్లోని రంధ్రాల గుండా మొక్కే బయటికి నెట్టిన చుక్కలవి. మట్టిలో తగినంత తేమ ఉందనడానికి అదొక గుర్తు.

పువ్వుకు రక్షకపత్రాలు అయిదు, ఆకర్షకపత్రాలు అయిదు, కేసరాలు ఎనిమిది. పై రెండు రెక్కల మీద ముదురు గీతలు గొంతులోకి దారి చూపుతాయి. కింది మూడు రెక్కల మెడ దగ్గర కుచ్చులాంటి అంచు ఉంటుంది. పువ్వు విచ్చాక కేసరాలన్నీ ఒకేసారి పండవు. ఒక్కో కేసరం తన వంతు రాగానే లేచి గొంతు ఎదుట నిలబడి, పుప్పొడి రాల్చి, వంగి తప్పుకుంటుంది. ఎనిమిదీ అయ్యాక అదే స్థానంలోకి మూడు పాయల కీలాగ్రం వస్తుంది. తేనె కోసం దూరిన తేనెటీగ ఒంటికి మొదటి రోజుల పువ్వులో పుప్పొడి అంటుతుంది, ముదిరిన పువ్వులో అది కీలాగ్రానికి తగులుతుంది. ఒకే పువ్వును పొద్దున్నా సాయంత్రం నాలుగైదు రోజులు చూస్తే ఇదంతా భూతద్దం లేకుండానే కనిపిస్తుంది. బడిపిల్లలకు పరపరాగ సంపర్కం నేర్పడానికి ఇంత తేటగా ఉండే పువ్వు అరుదు.

ఫలదీకరణ జరిగిన పువ్వు రాలి, మూడు గింజలు ఒకదానికొకటి అతుక్కున్న కాయ మిగులుతుంది. పండాక మూడూ విడిపోయి ఆకుల చాటున రాలిపడతాయి. ఒక్కో దాని చుట్టూ ముడతలు పడ్డ బెండులాంటి తొక్క ఉంటుంది. విత్తనం అని మనం కొనేది నిజానికి ఆ తొక్కతో కూడిన మూడోవంతు కాయ.

ఎప్పుడు విత్తాలి

ఈ గింజ మొలవడానికి అనువైన మట్టి వేడి 13 నుంచి 18 డిగ్రీల సెల్సియస్. 20కి కాస్త పైనైనా మొలుస్తుందిగాని, వేడి ఇంకా పెరిగేకొద్దీ మొలక శాతం పడిపోతుంది, గింజ కుళ్లే ప్రమాదం పెరుగుతుంది. మంచు గడ్డకట్టే చలి తగిలితే మొక్క ఒక్క రాత్రిలో చచ్చిపోతుంది. చల్లదనం కావాలి, గడ్డకట్టకూడదు: ఇదీ దాని స్వభావం. హైదరాబాదు, కరీంనగర్, నిజామాబాదు ప్రాంతాల్లో నైరుతి వానలు తగ్గి రాత్రులు చల్లబడే అక్టోబరు రెండో పక్షం మంచి అదను. ఆ వేళకు విత్తితే డిసెంబరు చివర మొదటి పూలు, మార్చి మొదటి వారాల దాకా పూత ఉంటాయి. కోస్తా జిల్లాలకు అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. నానిన కుండీలో గింజ కుళ్లుతుంది కాబట్టి పెద్ద వానలు వెనకబట్టాక, నవంబరు నడుమ విత్తడం మేలు. అక్కడ చలి తక్కువ, పూత కాలమూ తక్కువ. మదనపల్లె వంటి ఎత్తయిన చోట్ల, అరకు లోయలో మొక్క ఇంకా హాయిగా పెరుగుతుంది.

సంక్రాంతి దాటాక విత్తవద్దు. మొలుస్తుంది, ఆకు వేస్తుంది, మొగ్గ తొడిగే వేళకు శివరాత్రి వెళ్లి ఎండ ముదురుతుంది. పగటి వేడి 35 డిగ్రీలకు చేరేసరికి పువ్వు చిన్నదై, ఆకు పసుపుబారి, మొక్క కింది నుంచి ఎండుతూ వస్తుంది. షేడ్‌నెట్ కట్టి నాలుగు రోజులు ఎక్కువ నిలపవచ్చేమోగాని, వేసవంతా బతికించడం మైదానాల్లో అయ్యే పని కాదు.

విదేశాల్లోని తెలుగువారికి లెక్క తిరగబడుతుంది. న్యూజెర్సీ, లండన్ వంటి చోట్ల ఆఖరి మంచు వెళ్లాక, ఏప్రిల్ చివర, మే నెలల్లో విత్తితే శరదృతువు దాకా పూస్తుంది. డాలస్ పరిసరాల్లో మార్చి నడుమ విత్తి మండు వేసవికి ముందే పూత చూడాలి. శాన్‌ఫ్రాన్సిస్కో తీరంలో అయితే ఒకసారి వేస్తే చాలు, తనంతట తానే గింజ రాల్చుకుని ఏళ్ల తరబడి మొలుస్తూనే ఉంటుంది.

మట్టి, కుండీ

మిద్దెతోట పెంపకందారు ఒక అలవాటును ఇక్కడ పక్కన పెట్టాలి. వంగకూ టమాటాకూ కలిపే మిశ్రమంలో సగం దాకా పశువుల ఎరువో వర్మీ కంపోస్టో ఉంటుంది. నాస్టర్షియంకు అది విందు భోజనం. తిని అరచేతులంత ఆకులు వేస్తుంది, పువ్వు మాత్రం ఆకుల అడుగున ఒకటీ అరా దాక్కుంటుంది. నత్రజని దొరికినంతకాలం మొక్క ఆకు పెంచుకోవడానికే మొగ్గు చూపుతుంది. లేత ఆకు ఎక్కువైన కొద్దీ పేనుబంక కూడా ఎక్కువవుతుంది. నిరుడు వంగో బెండో కాసి సారం తగ్గిన పాత కుండీ మట్టి దీనికి సరిగ్గా సరిపోతుంది. కొత్తగా కలుపుకోవాలంటే రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు కోకోపీట్, పైన గుప్పెడు మాగిన ఎరువు చాలు. వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు, జీవామృతం, యూరియా వంటివి దీని దరికి రానివ్వకూడదు. నీరు మాత్రం నిలవకుండా జారిపోవాలి. కుండీ అడుగు రంధ్రాల మీద పెంకులు పరిచి ఆపైన మట్టి నింపాలి.

పొద రకానికి 8 నుంచి 10 అంగుళాల కుండీ, తీగ రకానికి 12 అంగుళాల కుండీ లేదా గ్రోబ్యాగ్ కావాలి. చలికాలపు ఎండ రోజుకు ఆరు గంటలు తగిలే చోటు ఎంచుకోవాలి. నీడలో మొక్క బతుకుతుంది, పూయదు. ఫిబ్రవరి వచ్చాక మధ్యాహ్నపు ఎండ తప్పించి తూర్పు వైపుకు జరిపితే పూత మరికొన్ని రోజులు సాగుతుంది. వేలాడే కుండీల్లో పెంచితే తీగ కిందికి జారి అందంగా ఉంటుంది, కాకపోతే అవి త్వరగా ఎండుతాయి కాబట్టి రోజూ చూసుకోవాలి.

విత్తడం

తొక్క బిరుసుగా ఉంటుంది కాబట్టి ముందు రాత్రి గింజలను గోరువెచ్చని నీళ్లలో వేసి పొద్దున్నే విత్తుకోవాలి. 12 గంటలకు మించి నానబెడితే గాలి ఆడక లోపలి పప్పు మెత్తబడుతుంది. పాత గింజలైతే తొక్కను ఒకవైపు గరుకు కాగితం మీద నాలుగుసార్లు రుద్ది నానబెట్టవచ్చు. తాజా గింజకు ఆ అవసరం లేదు.

మట్టిని ముందే తడిపి, వేలి మొదటి కణుపు సగం మునిగేంత, అంటే ఒకటి ఒకటిన్నర సెంటీమీటరు లోతున గుంట చేసి ఒక్కో గింజ వేసి మూసేయాలి. గింజ ఎటు పడినా ఫర్వాలేదు. వెలుతురు తగిలితే మొలక మందగిస్తుంది, అందుకే పైపైన చల్లి వదిలేయకూడదు. నేలలో అయితే గింజకూ గింజకూ అడుగు దూరం. 12 అంగుళాల కుండీలో మూడు గింజలు త్రికోణంగా వేసి, మొలిచాక బలమైన రెండింటిని ఉంచుకోవడం మంచిది. తీసేసిన మొలకను పారేయనక్కర్లేదు, కడిగి నమిలితే ఆ ఘాటు అప్పుడే తెలుస్తుంది.

వీలైనంతవరకు పెరగాల్సిన చోటే విత్తాలి. దీని వేళ్లు సున్నితం, పీకి నాటితే మొక్క వారాలపాటు కోలుకోదు. ముందుగా మొలిపించుకోవాల్సి వస్తే కాగితపు కప్పుల్లో విత్తి, రెండు మూడు ఆకుల దశలో అడుగు చింపి కప్పుతో సహా పాతిపెట్టాలి. నర్సరీలో పూత మీదున్న మొక్క కొని తెచ్చేవారు కూడా వేరుముద్ద చెదరకుండా కుండీ మార్చాలి.

మొలక వారం నుంచి రెండు వారాల్లో కనిపిస్తుంది. చిక్కుడు మొలకలా బీజదళాలు పైకి లేవవు. అవి మట్టిలోనే ఉండి మొలకకు తిండి పెడతాయి. నేలను చీల్చుకుని వచ్చే మొదటి జంటే అసలు ఆకుల పోలికతో కాడ నడుమ అతుక్కుని ఉంటుంది. బీజదళాల కోసం ఎదురుచూస్తూ ఇదేదో కలుపు మొక్క అనుకుని పీకేసేవారున్నారు కాబట్టి ఈ తేడా గుర్తుంచుకోవాలి. పదిహేను రోజులు దాటినా జాడ లేకపోతే ఒక గింజను తవ్వి చూడాలి. గట్టిగా ఉంటే ఇంకా ఆశ ఉంది. వేలితో నొక్కితే మెత్తగా అణిగితే కుళ్లిపోయినట్టే. మళ్లీ విత్తేటప్పుడు నీళ్లు తగ్గించాలి.

పెంపకం

మొలిచిన దగ్గర నుంచి పై అంగుళం మట్టి పొడిబారాకే నీళ్లు పోయాలి. పొద్దున్నే, మొక్క మొదట్లో, కుండీ అడుగు నుంచి జారేదాకా పోసి మళ్లీ ఆరనివ్వాలి. రోజూ కొంచెం కొంచెం చిలకరించడం కంటే ఇది మేలు. పూత మొదలయ్యాక మరీ ఎండనిస్తే ఆకులు వాలి కిందివి పసుపుబారతాయి, ఘాటు కూడా తినలేనంత పెరుగుతుంది. విత్తిన ఎనిమిది నుంచి పది వారాలకు మొదటి పువ్వు వస్తుంది. వాడిన పూలు ఎప్పటికప్పుడు తుంచేస్తే కొత్త మొగ్గలు వస్తూ ఉంటాయి. కాయ పడనిచ్చిన మొక్క గింజ మీదే దృష్టి పెట్టి పూత తగ్గించుకుంటుంది.

తీగ రకానికి నులితీగలు ఉండవు. ఆకు కాడే దొరికినదాన్ని చుట్టుకుని ఎగబాకుతుంది. ఆ కాడ సన్నది, లావాటి గెడను పట్టలేదు. సన్నటి వెదురు పుల్లలు, పురికొస, వల అయితే పట్టు దొరుకుతుంది. చేతితో వంచి కట్టబోతే రసభరితమైన కాండం పుటుక్కున విరుగుతుంది. విరిగిన కొమ్మను నీళ్లలో పెడితే వేరు వేస్తుంది. ముద్దపూల హెర్మీన్ గ్రాషాఫ్ వంటి గింజ కట్టని రకాలను ఇలా కొమ్మలతోనే వృద్ధి చేస్తారు.

పురుగులు

పేనుబంకకు ఈ మొక్క మహా ఇష్టం. లేత కొసల్లో, మొగ్గల కింద, ఆకు అడుగున గుంపులుగా చేరుతుంది. కూరగాయల పక్కన నాస్టర్షియం వేస్తే పేనుబంక అంతా దీనికే పోయి పంట బతుకుతుందని తోటపని పుస్తకాలు చెబుతాయి. అది సగమే నిజం. పట్టిన పేనును అలాగే వదిలేస్తే అక్కడే సంతానం పెంచుకుని పక్క కుండీలకు పాకుతుంది. ఎర మొక్కగా వాడదలచినవారు వారానికి రెండుసార్లు ఆకులు తిరగేసి చూసి, పురుగు పట్టిన కొసలు తుంచి సబ్బునీళ్లలో వేయాలి. తినడానికి పెంచే మొక్క మీద రసాయన మందులు కొట్టకూడదు. నీటి ధారతో కడిగేయడం మొదటి ఉపాయం. తగ్గకపోతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం ఆకు అడుగున తగిలేలా కొట్టాలి. తరవాత వారం రోజులపాటు ఆ ఆకులు, పూలు తినకుండా ఉండాలి.

ఆకు మీద తెల్లటి వంకరటింకర గీతలు కనిపిస్తే ఆకు తొలిచే పురుగు లోపల ఉన్నట్టు. ఆ ఆకును గిల్లిపారేస్తే చాలు. ఫిబ్రవరి తరవాత పొడి ఎండలో ఎర్రనల్లి వస్తుంది. దాని రాక మొక్క కాలం ముగుస్తోందనడానికి సంకేతం కాబట్టి దానితో పోరాడటం కంటే గింజలు ఏరుకుని మొక్కను తీసేయడం నయం. చల్లటి దేశాల్లో క్యాబేజీ తెల్ల సీతాకోకచిలుక గొంగళ్లు కొద్ది రోజుల్లోనే మొక్కను బోడి చేయగలవు. ఘాటు వాసనను బట్టే అది తమ వంశపు తిండి అని అవి గుర్తుపడతాయి. మొలకల దశలో మన దగ్గర నత్తలతో జాగ్రత్త.

రకాలు

పొద రకాల్లో టామ్ థంబ్, ఎంప్రెస్ ఆఫ్ ఇండియా పాతవి, నమ్మకమైనవి. విక్టోరియా రాణి బిరుదును పేరుగా పెట్టుకున్న రెండోదానికి నీలి ఛాయ ఆకులు, ముదురు ఎరుపు పూలు. అలాస్కా రకం ఆకుల మీద తెల్లటి చారలు, మచ్చలు ఉంటాయి. పూత లేని రోజుల్లో కూడా చూడముచ్చటగా ఉంటుంది కాబట్టి బాల్కనీలో ఒకే కుండీ పెట్టగలిగినవారికి అదే సరైన ఎంపిక. ఇంకో మంచి సంగతి, ఆ చారలు గింజ నుంచి కూడా చాలావరకు నిలుస్తాయి. వర్లీబర్డ్ రకానికి పువ్వు వెనక తోక ఉండదు, పూలు ఆకుల పైకి లేచి నిలుస్తాయి. లేత పసుపు రెక్కల మీద ఎర్రటి మచ్చలుండే పీచ్ మెల్బా కొత్తవారికి బాగా నచ్చుతుంది. అర తీగగా పెరిగే గ్లీమ్ వర్గపు ముద్దపూలు 1930లలో అమెరికాలో సంచలనం రేపి, అప్పటికి పాతబడిన ఈ మొక్కను మళ్లీ అందరి తోటల్లోకీ తెచ్చాయి. మన విత్తన దుకాణాల్లో ఎక్కువగా దొరికేవి రంగులు కలిపిన పొట్లాలే.

వంటింట్లో

నాస్టర్షియం ఆకులో విటమిన్ సి, పువ్వులో ల్యూటిన్ అనే పసుపు వర్ణద్రవ్యం మెండుగా ఉంటాయి. ఐరోపాలో 17వ శతాబ్దం నుంచే దీన్ని పచ్చి సలాడ్లలో వాడారు. అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ తన మాంటిచెల్లో ఎస్టేటులో దీన్ని కూరగాయల మడుల్లోనే విత్తించాడు. మన వంటకు పెరుగు పచ్చడి బాగా కుదురుతుంది: లేత ఆకులు సన్నగా తరిగి చిక్కటి పెరుగులో కలిపి తాలింపు పెడితే విడిగా ఆవపిండి కలపనక్కర్లేదు. ఉడికిస్తే ఘాటు ఎగిరిపోతుంది, కాబట్టి పప్పులో వేసి ప్రయోజనం లేదు. పువ్వు ఆకుకంటే సౌమ్యం, తోకలోని తేనె వల్ల మొదట తీపి, వెనక కారం తగులుతుంది. తినేముందు పువ్వు లోపల చీమలు, పేను లేకుండా విదిలించాలి.

ఆకుపచ్చగా ఉన్న కాయలను రెండు మూడు రోజులు ఉప్పునీటిలో నానబెట్టి, తరవాత వెనిగర్‌లో ఊరవేయడం ఇంగ్లండులో పాత అలవాటు. మధ్యధరా తీరపు కేపర్లకు బదులుగా వాటిని వాడేవారు. ఎండి గోధుమరంగుకు తిరిగిన కాయ ఊరగాయకు పనికిరాదు. దేనికైనా మితం అవసరం. కడుపులో పుండ్లు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, చంటిపిల్లలు దీన్ని తినకుండా ఉండాలి. జర్మనీలో నాస్టర్షియం ఆకు, హార్స్‌రాడిష్ వేరు కలిపిన మాత్రలను మూత్రనాళాల ఇన్ఫెక్షన్లకు వాడతారుగాని, అది వైద్యుల పర్యవేక్షణలో జరగాల్సిన సంగతి, పెరట్లో ఆకు నమిలి చేసుకునే చికిత్స కాదు. పూత మీద నర్సరీలో కొన్న మొక్కకు ఏ మందు కొట్టారో తెలియదు కాబట్టి దాని పూలు తినకపోవడమే క్షేమం. గింజ నుంచి సొంతంగా పెంచడంలో పెద్ద లాభం ఇదే.

గింజ కట్టడం

ఫిబ్రవరి మూడో వారం నుంచి వాడిన పూలు తుంచడం ఆపేసి కాయ పడనివ్వాలి. కాయ మొదట ఆకుపచ్చగా, ఉబ్బి ఉంటుంది. తరవాత లేత గోధుమరంగుకు తిరుగుతుంది. చేయి తగిలితే రాలే దశలో కోసుకోవాలి, లేదా కింద రాలినవి రోజూ ఏరుకోవాలి. నీడలో కాగితం మీద పది పదిహేను రోజులు ఆరబెట్టి, పూర్తిగా ముడుచుకుని గలగలలాడాక కాగితపు పొట్లంలో కట్టి, గాజు సీసాలో చల్లటి చోట దాచాలి. ప్లాస్టిక్ కవరులో తడి ఉన్నవి వేస్తే బూజు పడుతుంది. సరిగా ఎండినవి నాలుగైదేళ్లు మొలకెత్తుతాయి. పక్కపక్కన రెండు మూడు రకాలు పెంచితే తేనెటీగలు కలిపేస్తాయి, మరుసటి ఏడాది రంగులు మారవచ్చు. ఒకే రంగు కావాలనుకునేవారు ఒకే రకం విత్తాలి. పొట్లం మీద రకం పేరు, ఏడాది రాసి ఇరుగుపొరుగుకు ఇవ్వండి. రెండు మొక్కలు కట్టే గింజలు ఒక వీధికి సరిపోతాయి.

చివరిగా కొండ ప్రాంతాల్లో పెంచేవారికి ఒక మాట. నీలగిరుల్లో, కొడైకెనాల్ పరిసరాల్లో ఈ మొక్క తోట దాటి దారిపక్కలకు, వాగు ఒడ్డులకు పాకి తనంతట తాను పెరుగుతోంది. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ తీరాల్లో దాన్ని కలుపుగా పీకేస్తున్నారు. మైదానాల్లో వేసవే దానికి కంచె, కొండల మీద ఆ కంచె లేదు. అరకు, లంబసింగి, హార్స్‌లీ కొండల వంటి చోట్ల నాస్టర్షియం వేసేవారు రాలిన గింజలు ఏరుకోవాలి, పీకిన తీగలను వాగుల్లో, అడవి అంచుల్లో పారేయవద్దు.